పిల్లి నెత్తురులో పావు గ్రాము చక్కెర

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. నాలుగు కిలోల బరువున్న పిల్లి ఒంట్లో ఎంత రక్తం ఉంటుంది? పిల్లులలో కిలో బరువుకు సుమారు 60 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. అంటే మన పిల్లిలో ఉండేది 240 మిల్లీలీటర్లు, ఒక పెద్ద గ్లాసెడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి దాదాపు 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. ఆ లెక్కన 240 మిల్లీలీటర్లలో ఉండేది 240 మిల్లీగ్రాములు. గ్రాములో నాలుగో వంతు కూడా నిండలేదు! పిల్లి నెత్తురులో ఏ క్షణాన చూసినా ఉండే చక్కెర చిటికెడుకు మించదన్నమాట.

ఈ చిటికెడు పెరిగి ఒక గ్రాము అయి అలాగే ఉండిపోతే పిల్లి రోజురోజుకూ చిక్కి శల్యమవుతుంది. తరిగి సగానికి దిగువకు పడిపోతే కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఈ హెచ్చుతగ్గులను అదుపులో ఉంచే హార్మోను పేరు ఇన్సులిను. పిల్లి శరీరం దాన్ని చాలినంత తయారు చేసుకోలేనప్పుడు ఆ పని ఇంట్లోని మనుషుల చేతికి వస్తుంది. సిరంజి, సూది, గడియారం, గ్లూకోమీటరు, ఒక నోటుపుస్తకం వారి పరికరాలు. ఆ పని ఎలా చేస్తారో, అందులో లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసుకుందాం.

తీపి తెలియని జంతువుకు తీపి జబ్బు

పిల్లికి చక్కెర జబ్బు ఏమిటని మీకు నవ్వు రావచ్చు. పిల్లి చక్కెర తినదు గదా! నిజమే. అసలు పిల్లి నాలుకకు తీపి రుచే తెలియదు. తీపిని పసిగట్టే రుచిగ్రాహకం తయారు కావడానికి రెండు జన్యువులు కావాలి. పిల్లి జాతిలో వాటిలో ఒకటి చెడిపోయి ఉందని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇంటిపిల్లిలోనే కాదు, పులిలోనూ చిరుతలోనూ అంతే. పిల్లి పాలగిన్నె చుట్టూ తిరిగేది అందులోని తీపి కోసం కాదు, క్రొవ్వు కోసం.

అయినా చక్కెర జబ్బు వస్తుంది. ఎందుకంటే ఇది చక్కెర తినడం వల్ల వచ్చే జబ్బు కాదు, చక్కెరను వాడుకోలేకపోవడం వల్ల వచ్చే జబ్బు. పెగడపల్లిలో వడ్ల బస్తాల మధ్య ఎలుకలను వేటాడుతూ రాత్రంతా తిరిగే బక్కపలచని పిల్లికి ఇది రావడం అరుదు. గడప దాటకుండా కూర్చుని తిని లావెక్కిన పిల్లులలో, వయసు మళ్లిన వాటిలో, ముఖ్యంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసిన మగపిల్లులలో ఎక్కువగా కనిపిస్తుంది. పట్టణాలలో పిల్లిని ఇంటి మనిషిలా పెంచుకునేవారు పెరిగిన కొద్దీ పశువైద్యులు ఈ జబ్బును ఎక్కువగా చూస్తున్నారు.

మరి దీన్ని గుర్తించడం ఎలా? నాలుగు లక్షణాలు జ్ఞాపకం పెట్టుకోండి. పిల్లి మాటిమాటికీ నీళ్లు తాగుతుంది. ఎక్కువగా మూత్రం పోస్తుంది. ఎంత పెట్టినా ఇంకా కావాలని అరుస్తుంది. అంత తింటున్నా బరువు తగ్గిపోతుంది. జబ్బు ముదిరితే వెనక కాళ్ల నరాలు దెబ్బతిని, వేళ్ల మీద నడవవలసిన పిల్లి మడమలు నేలకానించి నడుస్తుంది.

గాదె నిండా గింజలు, వంటింటికి తాళం

తింటున్నా చిక్కిపోవడం ఏమిటి? గాదె నిండా వడ్లున్నాయి కాని వంటింటికి తాళం పడిందనుకోండి. ఆ ఇంట్లో వారు పస్తులుండవలసిందే గదా! చక్కెర జబ్బులో జరిగేది అదే. రక్తం నిండా గ్లూకోజు ఉంటుంది. కాని కండరాలలోకి, క్రొవ్వు కణాలలోకి అది చాలినంతగా వెళ్లాలంటే ఇన్సులిను కావాలి. అది లేకపోతే రక్తంలో గ్లూకోజు పేరుకుపోతుంది, కణాలు మాత్రం ఆకలితో ఉంటాయి.

కణాలకు గ్లూకోజుతో ఏం పని? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా వెళ్లి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన పరిశీలించినది పిల్లి కండరాలనే! కండరం సంకోచించడానికి శక్తిని నిలువ చేసే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వారు 1927లో ప్రకటించారు. 1929లో ఏ.టి.పి. అనే మరో పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. ప్రాణుల కణాలన్నింటిలో చెల్లుబాటయ్యే శక్తి నాణెం ఈ ఏ.టి.పి. గ్లూకోజును మెల్లగా దహించి కణం ఈ నాణేలను సంపాదించుకుంటుంది. గ్లూకోజు లోపలికి రాకపోతే కణం క్రొవ్వును, కండలోని మాంసకృత్తులను కరగదీసుకుంటుంది. పిల్లి చిక్కిపోయేది అందుకే. క్రొవ్వు మరీ ఎక్కువగా కరిగితే కీటోనులు అనే ఆమ్ల పదార్థాలు రక్తంలో చేరి విషమవుతాయి. అప్పుడు పిల్లి తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది. అది ఇంట్లో చూసుకునే స్థితి కాదు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవలసిన స్థితి.

ఇక నీళ్ల సంగతి. మూత్రపిండాలు రక్తాన్ని వడపోసేటప్పుడు గ్లూకోజును పారేయకుండా తిరిగి రక్తంలోకి పంపిస్తాయి. కాని వాటి శక్తికి ఒక హద్దు ఉంది. మనుషులలో 100 మిల్లీలీటర్ల రక్తంలో గ్లూకోజు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే మిగిలినది మూత్రంలోకి పోతుంది. పిల్లులలో ఈ హద్దు ఇంకా ఎక్కువ, సుమారు 250 మిల్లీగ్రాములు. పోయే గ్లూకోజు ద్రవాభిసరణ వల్ల తనతో నీటిని లాక్కుపోతుంది. అందుకే ఎక్కువ మూత్రం, అందుకే ఎక్కువ దాహం. మూత్రం తీపెక్కడం వల్లనే మన ప్రాచీన వైద్యులు ఈ జబ్బును మధుమేహం అన్నారు. అలాంటి మూత్రం చుట్టూ చీమలు చేరడం కూడా వారు గమనించారు. మీ ప్రయోగశాలలో బెనెడిక్ట్ ద్రావణంతో గ్లూకోజును పరీక్షించి ఉంటారు. నీలిరంగు ద్రావణాన్ని వేడిచేస్తే ఆకుపచ్చ, పసుపు, చివరకు ఇటుక ఎరుపు అవక్షేపం వస్తుంది. గ్లూకోమీటర్లు రాకముందు మధుమేహ రోగులు ఇలాగే మూత్రాన్ని పరీక్షించుకునేవారు.

ద్వీపాల నుంచి వచ్చిన మందు

జర్మనీలో వైద్య విద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ 1869లో క్లోమగ్రంథిని సూక్ష్మదర్శినిలో చూస్తూ, సముద్రంలో దీవుల లాగా అక్కడక్కడ ఉన్న కణాల గుంపులను గుర్తించాడు. వాటి పని ఏమిటో అతనికి తెలియలేదు. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్లోమాన్ని తీసివేసిన కుక్కకు మధుమేహం వస్తుందని నిరూపించారు. చివరకు 1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కుక్కల క్లోమం నుంచి మందు తీయగలిగారు. ప్రొఫెసర్ మెక్లాయిడ్ వారికి ప్రయోగశాల ఇచ్చి దారి చూపారు. కొలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ మందును శుద్ధి చేశాడు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి దాన్ని ఎక్కించారు. జనవరి 11న ఇచ్చిన మొదటి ఇంజెక్షను అంతగా పనిచేయలేదు. జనవరి 23న శుద్ధి చేసిన మందు ఇచ్చాక అతని రక్తంలో చక్కెర దిగివచ్చింది. లాటిన్ భాషలో ద్వీపానికి ఉన్న పేరును బట్టి దానికి ఇన్సులిను అని పేరు పెట్టారు.

ఇన్సులిను 51 అమైనో ఆమ్లాలతో కూర్చిన దండ. ఆవు ఇన్సులినులో ఆ పూసల వరుసను ఫ్రెడరిక్ సాంగర్ తేల్చి 1958లో నోబెల్ బహుమతి పొందాడు. పిల్లి ఇన్సులినుకూ ఆవు ఇన్సులినుకూ 51 పూసలలో తేడా ఒక్కటే! పిల్లికీ మనిషికీ తేడా నాలుగు. అంత దగ్గరి పోలిక ఉంది కాబట్టే ఆవు నుంచి తీసినదైనా, మనుషుల కోసం తయారుచేసినదైనా పిల్లి ఒంట్లో పనిచేస్తుంది.

ఇన్సులిను నోటితో తాగితే ప్రయోజనం లేదు. అది మాంసకృత్తి కనుక జీర్ణరసాలు దాన్ని మాంసం ముక్కలాగే జీర్ణం చేస్తాయి. అందుకే చర్మం కిందికి సూదితో ఎక్కించాలి. మామూలు ఇన్సులిను త్వరగా పనిచేసి త్వరగా ఆగిపోతుంది. దాన్ని నెమ్మదింపజేయడానికి 1936లో డెన్మార్కుకు చెందిన హేగడార్న్ చేపల నుంచి తీసిన ప్రోటమిన్‌ను కలిపాడు. ఆ తర్వాత జింకు కూడా చేర్చారు. పిల్లులకు నేటికీ అలాంటి నెమ్మది రకాలే వాడుతారు. మనుషుల కోసం వచ్చిన గ్లార్జిన్ అనే రకాన్ని కూడా పశువైద్యులు పిల్లులకు ఇస్తున్నారు. సాధారణంగా రోజుకు రెండు సార్లు, 12 గంటల ఎడంతో ఇస్తారు. ఉదయం ఏడు గంటలకు ఇస్తే రాత్రి ఏడు గంటలకు మళ్లీ ఇవ్వాలి.

ఒక యూనిట్టు అంటే ఎంత?

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. ఇన్సులినును గ్రాములలో కాక యూనిట్లలో కొలుస్తారు. తొలి రోజులలో దాని బలాన్ని కుందేళ్లలో చక్కెర ఎంత తగ్గుతుందో చూసి నిర్ణయించేవారు. ఇప్పుడు ఒక యూనిట్టు అంటే 0.035 మిల్లీగ్రాముల ఇన్సులిను అని చెప్పుకోవచ్చు. పిల్లికి వైద్యుడు మొదట రాసే మోతాదు ఎక్కువగా పూటకు ఒక యూనిట్టో, రెండు యూనిట్లో ఉంటుంది.

మన దేశంలో మందుల దుకాణాలలో దొరికే ఇన్సులిను సీసాలు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం కలవి. వీటిని యు-40 అంటారు. గ్లార్జిన్ వంటి కొన్ని రకాలు, పెన్నులలో వాడే రకాలు మిల్లీలీటరుకు 100 యూనిట్ల బలం కలవి. అవి యు-100. ఒక్కొక్కదానికి వేరే సిరంజి ఉంది. యు-40 సిరంజికి సాధారణంగా ఎర్రమూత, యు-100 సిరంజికి నారింజరంగు మూత ఉంటాయి. రంగును నమ్మి ఊరుకోకూడదు. సిరంజి మీద, సీసా మీద ఉన్న అంకెలను రెండింటినీ చదివి సరిపోల్చుకోవాలి.

సరిపోల్చకపోతే ఏమవుతుంది? లెక్క చేద్దాం. వైద్యుడు 2 యూనిట్లు ఇవ్వమన్నాడు. ఇంట్లో ఉన్నది యు-100 సీసా. చేతికి దొరికింది యు-40 సిరంజి. దాని మీద 2 అనే గీత దాకా మందు తీశారు. ఆ సిరంజిలో 40 గీతలు కలిస్తే ఒక మిల్లీలీటరు. కాబట్టి 2 గీతలంటే 2/40, అంటే 0.05 మిల్లీలీటరు. యు-100 మందులో 0.05 మిల్లీలీటరుకు 5 యూనిట్లు ఉంటాయి. ఇవ్వవలసినది 2, ఇచ్చినది 5. రెండున్నర రెట్లు! నెత్తురు మొత్తంలో పావు గ్రాము చక్కెర మీద బతికే ప్రాణికి ఈ తేడా ఎంత ప్రమాదమో ఊహించండి. చూడటానికి ఆ మందు ఒక నీటిబొట్టంతే ఉంటుంది. కంటికి తేడా తెలియదు, అంకెకే తెలుస్తుంది.

ఇది పిల్లుల సంగతి మాత్రమే కాదు. మీ ఇంట్లో తాతకో అవ్వకో ఇన్సులిను ఇస్తుంటే, కొత్త సీసా వచ్చిన ప్రతిసారీ దాని మీది అంకెను, సిరంజి మీది అంకెను చదివి వినిపించండి. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగిన మేలైన సాయం అది.

ఇంట్లోనే ఎందుకు కొలవాలి?

పిల్లిని బుట్టలో పెట్టి ఆటోలో జగిత్యాలకో, పశువైద్య కళాశాల ఉన్న కోరుట్లకో తీసుకుపోయారనుకోండి. దారిలో హారన్ల మోత, ఆస్పత్రిలో కుక్కల అరుపులు, కొత్త మనుషుల చేతులు. భయపడిన పిల్లి రక్తంలోకి అడ్రినలిన్ విడుదలవుతుంది. అది కాలేయంలో నిలువ ఉన్న గ్లైకోజెన్‌ను గ్లూకోజుగా మార్చి రక్తంలోకి తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో కూడా అప్పుడు చక్కెర 200, ఒక్కోసారి 300 దాకా కనిపించవచ్చు. అది జబ్బు అంకె కాదు, భయం అంకె. ఆ అంకెను నమ్మి మోతాదు పెంచితే ఇంటికి వచ్చి భయం తీరాక పిల్లికి చక్కెర పడిపోతుంది. అందుకే వైద్యులు గత రెండు మూడు వారాల సగటును చూపే ఫ్రక్టోసమిన్ పరీక్ష కూడా చేయిస్తారు. ఇంట్లో, పిల్లి తన చోట తాను పడుకుని ఉండగా కొలిచిన అంకెలకు విలువ ఇస్తారు.

కొలత విధానం ఇది. పిల్లి చెవిని గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో కాసేపు వెచ్చచేస్తారు. రక్తం బాగా పారుతుంది. చెవి అంచున సన్నని సూదితో ఒక్క పోటు పొడిస్తే ఆవగింజంత రక్తం వస్తుంది. దాన్ని గ్లూకోమీటరు స్ట్రిప్పుకు తాకిస్తే చాలు. స్ట్రిప్పులో ఉన్న ఎంజైము గ్లూకోజును ఆక్సీకరణం చేస్తుంది. అప్పుడు వెలువడిన ఎలక్ట్రానులు చిన్న విద్యుత్ప్రవాహంగా మారుతాయి. గ్లూకోజు ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ. మీటరు దాన్ని అంకెగా మార్చి చూపుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనిషి రక్తంలో గ్లూకోజు ప్లాస్మాలో 58 శాతం, ఎర్రరక్తకణాలలో 42 శాతం ఉంటుంది. పిల్లిలో 93 శాతం ప్లాస్మాలోనే ఉంటుంది, కణాలలో ఉండేది 7 శాతమే. మనుషుల మీటరు మన లెక్క ప్రకారం తయారైంది కాబట్టి పిల్లి రక్తంలో అసలున్న దానికంటే తక్కువ అంకె చూపుతుంది. జంతువుల కోసమే తయారైన మీటర్లున్నాయి. మనుషుల మీటరు వాడితే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి, ఎప్పుడూ ఒకే మీటరు వాడాలి.

ఒక రోజు పట్టిక

ఒక్క అంకెతో ఏదీ తేలదు. వైద్యుడు అడిగినప్పుడు ఒక రోజంతా రెండు గంటలకు ఒకసారి కొలిచి పట్టిక రాస్తారు. ఉదాహరణకు ఒక పట్టిక చూడండి.

ఉదయం 7 గంటలు (తిండికి, ఇంజెక్షనుకు ముందు) – 330
9 గంటలు – 250
11 గంటలు – 170
మధ్యాహ్నం 1 గంట – 115
3 గంటలు – 140
సాయంత్రం 5 గంటలు – 220
7 గంటలు – 310

గ్రాఫు కాగితం మీద కాలాన్ని అడ్డంగా, చక్కెరను నిలువుగా తీసుకుని ఈ బిందువులను కలపండి. లోయలాంటి వక్రరేఖ వస్తుంది. లోయ అడుగు మధ్యాహ్నం ఒంటిగంట దగ్గర ఉంది. ఇన్సులిను ఇచ్చిన ఆరు గంటలకు దాని బలం ఎక్కువగా ఉందన్నమాట. వైద్యుడు మొదట చూసేది ఆ అడుగునే. అది 115 కాబట్టి మోతాదు ప్రమాదకరంగా లేదు. ఉదయపు 330ని మాత్రమే చూసిన వారు "ఇంత ఎక్కువా!" అని మోతాదు పెంచేస్తారు. అప్పుడు లోయ అడుగు 50కి పడిపోవచ్చు. ఏడు అంకెలు చూసినవారికీ ఒక్క అంకె చూసినవారికీ ఉన్న తేడా ఇదే. మోతాదు మార్చే అధికారం పట్టిక చూసిన వైద్యునిదే.

ఎక్కువ కంటే తక్కువే తొందర

చక్కెర ఎక్కువైతే కీడు జరగడానికి రోజులు, వారాలు పడుతుంది. తక్కువైతే నిమిషాలు, గంటలే. మెదడుకు ఇంధనం గ్లూకోజే. అది 60 కంటే దిగువకు పోతే పిల్లి నీరసపడుతుంది, తూలుతుంది, వణుకుతుంది. ఆ పైన మూర్ఛ, స్పృహ తప్పడం. అప్పుడు తేనె గాని, గ్లూకోజు పొడిని నీటితో చిక్కగా కలిపి గాని చిగుళ్లకు రుద్దాలి. మూర్ఛలో ఉన్న పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పెట్టినవారి వేలు తెగుతుంది. తేనె రాయడం తాత్కాలిక ఉపాయమే, పిల్లిని వెంటనే వైద్యుని దగ్గరికి చేర్చాలి.

అందుకే కొన్ని నియమాలు గోడమీద రాసి పెట్టుకోవాలి. పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా వైద్యుని అడగకుండా ఇంజెక్షను ఇవ్వకూడదు. ఒక పూట మరచిపోతే మరుపూట రెట్టింపు ఇవ్వకూడదు. ఇచ్చామో లేదో అనుమానం వస్తే మళ్లీ ఇవ్వకూడదు. ఒక పూట ఇన్సులిను తప్పినందువల్ల కలిగే నష్టం చిన్నది, రెండుసార్లు పడితే ప్రాణాపాయం. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పనిచేసే చోట నోటుపుస్తకం ప్రాణం కాపాడేది ఇక్కడే. సూది వేసినవారు ఆ క్షణమే టైము రాసి సంతకం పెడితే అనుమానానికి చోటుండదు. ఇంజెక్షను పెద్దవారే వేయాలి. పుస్తకం, గడియారం, గ్రాఫు మాత్రం మీరు చూసుకోవచ్చు.

తిండి, ఎండ, సూది

పిల్లి పుట్టుకతో మాంసాహారి. మాంసకృత్తుల నుంచే గ్లూకోజు తయారుచేసుకునేలా దాని కాలేయం పనిచేస్తుంది. పిండిపదార్థాలు ఒక్కసారిగా వస్తే సంబాళించడం దానికి కష్టం. మనం మాత్రం పాలు కలిపిన అన్నమో, పెరుగన్నమో పెడుతుంటాం. చక్కెర జబ్బున్న పిల్లికి పిండిపదార్థాలు తక్కువగా, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తిండి పెట్టమంటారు. తిండి మార్చి, మొదట్లోనే సరైన చికిత్స మొదలుపెడితే కొన్ని పిల్లుల క్లోమం మళ్లీ కోలుకుంటుంది. వాటికి కొంతకాలానికి ఇన్సులినే అవసరం ఉండదు. ఇది సంతోషమే, ప్రమాదం కూడా! నిన్న సరిపోయిన మోతాదు ఇవాళ ఎక్కువవుతుంది. కాబట్టి వైద్యునికి చెప్పకుండా తిండి మార్చకూడదు, మార్చిన రోజులలో ఇంకా జాగ్రత్తగా కొలవాలి.

నోటితో ఇచ్చే మందులు కూడా వచ్చాయి. మూత్రపిండాలు గ్లూకోజును తిరిగి పట్టుకోకుండా చేసి మూత్రంలోకి పంపే బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మందును అమెరికాలో 2022 డిసెంబరులో పిల్లులకు అనుమతించారు. అయితే అది అంతకుముందు ఇన్సులిను వాడని పిల్లులకే. కీటోనులు పెరిగే ప్రమాదం ఉన్నందున దానికీ వైద్యుని కాపలా కావాలి.

ఇన్సులినును 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరచాలి. ఫ్రిజ్జులో మంచు గడ్డకట్టే అరలో పెడితే గడ్డకట్టి చెడుతుంది. ఎండలో పెడితే దాని మాంసకృత్తి అణువుల అల్లిక చెదరిపోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కానట్లే చెడిన ఇన్సులిను మళ్లీ మందు కాదు. మే నెలలో మన కరీంనగరు, జగిత్యాల ప్రాంతాల ఎండ మీకు తెలిసిందే. సీసాను ఆటో డాష్‌బోర్డు మీదో, సైకిలు సంచిలోనో మరచిపోకూడదు. కరెంటు పోయినప్పుడు తడి ఇసుక మధ్య పెట్టిన మట్టిపాత్ర కొంత చల్లదనమిస్తుంది. కుండలో నీరు చల్లబడటానికి కారణమైన బాష్పీభవనమే ఇక్కడా పనిచేస్తుంది. సీసాలోని మందు తెల్లగా పాలలా ఉండే రకమైతే సూచన ప్రకారం అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి కలపాలి. ఎప్పుడూ నిర్మలంగా ఉండే రకంలో మబ్బు కనిపిస్తే పారేయాలి. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి ఆస్పత్రికి ఇవ్వాలి. చెత్తకుప్పలో వేస్తే చెత్త ఎత్తే మనిషి చేతికో, మేసే ఆవు నోటికో గుచ్చుకుంటుంది.

బాంటింగ్ పుట్టింది 1891 నవంబరు 14న. ఆ రోజునే ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతున్నారు. మనకు అదే బాలల దినోత్సవం. ఈసారి ఆ రోజున మీ వీధిలో ఇన్సులిను వాడే ఇంటికి వెళ్లి సీసా మీది అంకెను, సిరంజి మీది అంకెను చూసి రండి. రెండూ ఒకటే అయితే సరే. కాకపోతే వెంటనే పెద్దలకు చెప్పి డాక్టరును అడగమనండి. మనిషికైనా పిల్లికైనా ఇన్సులిను మేలు చేసేది సరిగా కొలిచినప్పుడే.

మీరే లెక్కించండి

1. ఐదు కిలోల పిల్లి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 360 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంది. రక్తం మొత్తంలో ఎన్ని గ్రాములు?

2. యు-40 మందును యు-100 సిరంజితో 4 అనే గీత దాకా తీశారు. అందులో ఎన్ని యూనిట్లు ఉన్నాయి? పిల్లికి ఎక్కువ పడిందా, తక్కువ పడిందా?

3. పైన ఇచ్చిన పట్టికలో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా చక్కెర గంటకు సగటున ఎంత తగ్గింది?

జవాబులు: 1. రక్తం 300 మిల్లీలీటర్లు, గ్లూకోజు 1.08 గ్రాములు. 2. 0.04 మిల్లీలీటరు, అంటే 1.6 యూనిట్లు, తక్కువ పడింది. 3. ఆరు గంటల్లో 215, అంటే గంటకు దాదాపు 36 మిల్లీగ్రాములు.